డ్రాయింగ్ సారును బొమ్మలు వేయనివ్వండి: సిరొంచ, అహేరి హైస్కూళ్ల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి తాలూకాల హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, ఆ బడులను నడుపుతున్న విద్యాసంస్థల నిర్వాహకులకు నమస్కారాలు.

నేను మీ బడుల్లాంటి ఒక బడిలోనే చిత్రకళ చెబుతున్న ఉపాధ్యాయుణ్ణి. పొద్దున బడికి వెళ్లే ముందు, సాయంత్రం ఇల్లు చేరాక బొమ్మలు వేసుకునే చిత్రకారుణ్ణి కూడా. మీలో చాలామంది దృష్టిలో ఇవి రెండు వేర్వేరు పనులు. ఒకటి జీతం ఇచ్చే ఉద్యోగం, రెండోది సొంత సరదా. సరదా ఉద్యోగానికి అడ్డు రాకుండా చూసుకోమని నా మేలు కోరి చెప్పినవాళ్లు ఉన్నారు. వారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ అభిప్రాయం వల్ల మన పిల్లలు నష్టపోతున్నారు. అందుకే నలుగురికీ తెలిసేలా ఈ ఉత్తరం రాస్తున్నాను. తాను బొమ్మలు వేయని డ్రాయింగ్ సారు పిల్లలకు ఇవ్వగలిగింది చాలా తక్కువ. వేసే సారును వేయనివ్వకపోతే పోయేది ఆయన కాలక్షేపం కాదు, పిల్లల చదువు.

ఈ మాట ముంబయిలోనో పుణెలోనో ఇంత గట్టిగా అనవలసిన పని లేదు. అక్కడి పిల్లవాడికి బడిలో దొరకనిది ఊళ్లో దొరుకుతుంది. మన సంగతి వేరు. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా ఏర్పరిచినప్పటి నుంచి సిరొంచ ఆ జిల్లాకు చిట్టచివరి కొస. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైమాటే. ప్రాణహిత దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకైతే మాడియా, గోండీ. మంచి కుంచె ఒకటి కావాలన్నా, ఒక తెల్లరంగు ట్యూబు కావాలన్నా నాగపూర్‌కో వరంగల్‌కో వెళ్లేవాళ్ల చేతికి డబ్బులిచ్చి తెప్పించుకోవాలి. ముంబయిలో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ 1952 నుంచి తెరిచే ఉంది. అది మన పిల్లలకు సామాన్య జ్ఞానం పుస్తకంలో ఒక జవాబు, అంతే.

వాళ్లు చూసిన చిత్రాలన్నీ అచ్చయినవి. క్యాలెండరు దేవుళ్లు, పాఠ్యపుస్తకాల బొమ్మలు, ఫోనులో వేలితో తోసేసేవి. రంగు మీద రంగు ఎక్కి, ఎక్కడో కుంచె వెంట్రుక ఒకటి అంటుకుపోయి, ఒక మూల వేసినదాన్ని గీకి మళ్లీ వేసిన జాడ కనిపించే అసలు చిత్రాన్ని వాళ్లు చూడాలంటే అది వాళ్ల డ్రాయింగ్ సారు వేసినదే అయి ఉండాలి. ఒక మనిషి ఖాళీ కాన్వాసు ముందు కూర్చుని ఏమీ లేని చోట ఒక ఊరిని నిలబెట్టడం వాళ్లు కళ్లారా చూడాలంటే, ఆ మనిషి కూడా ఆయనే కావాలి. ఈ తాలూకాల్లో వాళ్లకు ఇంకెవరున్నారు?

దీనివల్ల ఏం తేడా వస్తుందో తరగతి గది నుంచే చూపిస్తాను. మన రాష్ట్ర ప్రభుత్వం జరిపే ఎలిమెంటరీ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలో వస్తుచిత్రం అనే పేపరు ఉంది. బల్ల మీద ఒక ఇత్తడి చెంబు, పక్కన రెండు వంకాయలు, వెనక మడతలు పడిన ఎర్రగుడ్డ పెట్టి గీయమంటే, ఎనిమిదో తరగతి పిల్లలు చెంబు మూతిని కోడిగుడ్డులా గుండ్రంగా గీస్తారు. అడుగును మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. మూతి గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు, అడుగు బల్లకు ఆనుకుని ఉంటుందనీ తెలుసు. తెలిసినది గీస్తున్నారు, కనిపించేది గీయడం లేదు. అడుగును కూడా వంపుగా గీయాలని చెప్పేస్తే ఆ పూటకు గీస్తారు. రేపు గ్లాసు పెడితే దాని అడుగు మళ్లీ తిన్నగా వస్తుంది.

నేను చెంబును వాళ్ల కంటి ఎత్తుకు ఎత్తి పట్టుకుంటాను. మూతి ఒక గీతలా మాత్రమే కనబడుతుంది. మెల్లగా దించుతూ ఉంటే ఆ గీత విచ్చుకుంటుంది. దించేకొద్దీ ఇంకా వెడల్పు అవుతుంది. కంటికి ఎంత కిందికి పోతే వంపు అంత పెరుగుతోందని ఎవరో ఒకరు పసిగడతారు. అడుగు మూతికన్నా కింద ఉంది కాబట్టి దాని వంపు మూతి వంపుకన్నా ఎక్కువే ఉండాలని ఇంకొకరు అంటారు. అప్పుడు నేను ఈజిల్ ముందు కూర్చుని అదే చెంబును రంగుల్లో వేస్తాను. ఏమీ మాట్లాడను. ఇత్తడి కదా, పసుపు ట్యూబు తీస్తానని పిల్లలు చూస్తుంటారు. నేను ముదురు గోధుమ రంగుతో మొదలుపెడతాను. వెనకున్న ఎర్రగుడ్డ చెంబు పొట్టలో ప్రతిబింబించే చోట ఎరుపు పెడతాను. వంకాయల వైపు కొంచెం ఊదా, నీడ వైపు ఆకుపచ్చ కలిసిన నలుపు. పసుపు పడే చోటు చూస్తే అరచేయంత కూడా ఉండదు. చిట్టచివర కిటికీ వెలుతురు తగిలిన చోట తెలుపుకు దగ్గరగా ఒక చుక్క పెట్టగానే అది ఇత్తడి అవుతుంది. తరగతి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడుతుంది. ఆ తరువాత ఆ పిల్లలు ఇత్తడికి ఉత్త పసుపు పూయరు. ఆకులకు ఉత్త ఆకుపచ్చ పూయరు. వేప ఆకును, మామిడి ఆకును, టేకు ఆకును పక్కపక్కన పెట్టి తేడా అడుగుతారు.

ఈ పాఠం గైడు పుస్తకాల్లో లేదు. ఇంట్లో అమ్మ తోమిపెట్టిన సామాను ముందు పెట్టుకుని, వెలుతురు మారేలోగా వేయాలని ఆరాటపడిన పొద్దుల్లో నేర్చుకున్నది. అలా వేయడం మానేస్తే కొన్నాళ్లకు నా దగ్గర చెప్పడానికి మాటలు మిగులుతాయి, చూపించడానికి చెయ్యి మిగలదు. నీటి రంగులకు మన ఏప్రిల్ ఎండ ఎంత పగదో ఎండలో కూర్చుని వేసినవాడికే తెలుస్తుంది. ఒక పూత పూసి కుంచె తిప్పేలోగా కాగితం ఆరిపోయి గీత కట్టేస్తుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి పలకకు అంటించి వేయాలి. వానాకాలంలో ఆయిల్ రంగు వారాల తరబడి ఆరదు, కాన్వాసు వెనక బూజు పడుతుంది. ముంబయిలో అచ్చయిన పుస్తకం సిరొంచ ఎండకు, సిరొంచ వానకు పాఠం రాయదు.

రంగులు కొనలేని పిల్లల సంగతి మీకు తెలుసు. ప్రతి తరగతిలో సగం పెట్టెలు అరువు పెట్టెలే. దానికీ పని చేసే చిత్రకారుడి దగ్గరే దారి దొరుకుతుంది. గడపలకు, గోడలకు పూసే జాజును పిల్లలే తెస్తారు. దాన్ని రోకలితో దంచి, పలచటి గుడ్డలో జల్లించి, నీళ్లలో కలిపి పేరనిచ్చి, పైన తేరిన మెత్తటి మట్టిని మాత్రమే తీసుకుంటాం. తుమ్మ బంకను రాత్రంతా నానబెట్టి వడకట్టి అందులో నూరుతాం. ఎండాక బీటలు వారకుండా రెండు చుక్కల తేనె. అంతే, అంగడిలో కొన్న ఎర్రమట్టి రంగుకు తీసిపోని నీటి రంగు తయారవుతుంది. పొయ్యి మసితో నలుపు, సున్నంతో తెలుపు, ఎండబెట్టిన మోదుగ పూలను మరిగిస్తే వెలిసిపోయే గుణమున్నా కళ్లు చెదిరే నారింజ. తేనెకు, బంకకు అడవి ఊళ్ల పిల్లలే మాకు పెద్దలు. మరాఠీ తరగతిలో నోరు విప్పని మాడియా పిల్లవాడు ఏ చెట్టు బంక పనికొస్తుందో, ఏది పనికిరాదో తరగతికి వివరించి చెప్పిన రోజు నేను పక్కన నిలబడి విన్నాను.

గ్రేడ్ పరీక్షల గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మీరు నన్ను ముందు అడిగేది వాటి గురించే. ఆ పరీక్షలను నేను తక్కువ చేయను. చాలా రాష్ట్రాల్లో చిత్రకళకు లేని గుర్తింపు మన రాష్ట్రంలో వాటివల్లే వచ్చింది. ఎలిమెంటరీ తరువాత రాసే ఇంటర్మీడియట్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలో ఏ వస్తే 7, బి వస్తే 5, సి వస్తే 3 మార్కులు పదో తరగతి ఫలితంలో కలుస్తాయి. పిల్లల తల్లిదండ్రులు డ్రాయింగ్ సారు పేరు అడిగి తెలుసుకునేది ఆ మార్కుల కోసమే అయినా నాకు సంతోషమే. కానీ మార్కులే లక్ష్యమైన చోట చదువు ఎలా కుంచించుకుపోతుందో చూడండి. స్మరణచిత్రం పేపరులో సంత, పండుగ, పొలం పనులు, బస్టాండు వంటివి జ్ఞాపకం నుంచి గీయమంటారు. చాలా బడుల్లో దీనికి తయారీ అంటే గైడులోని నాలుగు బొమ్మలను కంఠతా పట్టించడం. అందువల్ల ప్రాణహిత ఒడ్డున పుట్టిన పిల్లవాడి కాగితం మీద కొబ్బరి చెట్లు వస్తాయి. రెండు కొండల నడుమ సూర్యుడు వస్తాడు. సంతలో ఆడవాళ్లు తొమ్మిది గజాల నౌవారీ చీర కట్టుకుని పుణె పేటలోంచి నడిచి వస్తారు. మన సంతలో కూర్చున్న అమ్మలు, వాళ్ల ముందు గుట్టలుగా పోసిన ఎండుమిర్చి, ఇప్పపూలు, ఎండు చేపలు, తిరుగు పడవ కోసం తొందరపడే మనుషులు కాగితం మీదికి రారు. బతుకమ్మను మన ఊళ్లలో ఎంత ఇష్టంగా పేరుస్తారో మీకు చెప్పాలా? పండుగ గీయమంటే మాత్రం పిల్లలు గైడులోని దహీ హండీ, అంటే ఉట్టి కొట్టడం, గీస్తారు. తమది బొమ్మకు తగని బతుకని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తగినదని కూడా ఎవరూ చూపించలేదు.

చూపిస్తే ఏమవుతుందో నేను చూశాను. మాఘ ఫాల్గుణాల్లో మన కుటుంబాలు ఎన్నో మిరప ఏరివేతకు నది దాటి తెలంగాణకు వెళతాయి. పిల్లలూ వెంట వెళతారు. హాజరు పట్టికలో ఆ వరుసలన్నీ ఖాళీగా ఉంటాయి. ఒక ఏడాది ఆ రోజుల్లోనే నేను మిరప కల్లాల మీద వరసగా చిత్రాలు వేస్తూ ఒకదాన్ని బడికి తీసుకెళ్లి డ్రాయింగ్ గదిలో పెట్టాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఏరివేత నుంచి తిరిగి వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడింది. "సార్, ఇది కూడా బొమ్మ వేయవచ్చా?" అని అడిగింది. వేయవచ్చన్నాను. మరుసటి వారం ఆమె తెచ్చిన కాగితం మీద మనుషులు లేరు, పొలం లేదు. రెండు చేతులు మాత్రమే. మిరప మంట తగలకుండా వేళ్లకు ఒక్కొక్కదానికీ పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి. చూపుడు వేలి పేలిక జారి, గోరు కింద చర్మం ఎర్రగా కనబడుతోంది. తొడిమ మీద బొటనవేలు ఎంత బలంగా ఆనుతుందో ఆ పెన్సిలు ఒత్తిడిలోనే తెలుస్తోంది. అవి వాళ్లమ్మ చేతులు. ఆ చేతులను ఏ గైడూ గీయించలేదు. తన సారు మిరప కల్లాన్ని బొమ్మకు తగినదని అనుకున్నాడు కాబట్టి ఆ పిల్ల తన తల్లి చేతులు కూడా తగినవేననుకుంది. బడి బయట నేను వేసుకునే చిత్రాలకు, బడిలో జరిగే చదువుకు ఇంతకన్నా దగ్గరి సంబంధం ఎలా చూపాలో నాకు తెలియదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. మన రాష్ట్రంలో చిత్రకళా బోధన పెరిగిందే ఇలా. 1857లో మొదలైన సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో జాన్ గ్రిఫిత్స్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులను వెంటబెట్టుకుని అజంతాకు వెళ్లి, 1872 నుంచి 1885 దాకా అక్కడి కుడ్యచిత్రాలకు నకళ్లు తీశాడు. గురువు, శిష్యులు అదే గోడ ముందు పనిచేశారు. ఆ నకళ్లలో ఎన్నో లండన్‌లో అగ్నికి ఆహుతయ్యాయి గాని, ఆ గుహల్లో కూర్చుని నేర్చుకున్న విద్య ముంబయి చిత్రకారుల తరాలలో నిలిచింది. అదే స్కూలులో చదివినవాడు మన దామెర్ల రామారావు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తాను స్వయంగా చిత్రకారుడు కాబట్టి ఆ కుర్రవాడి చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టగలిగాడు, బొంబాయి పంపే దారి చూశాడు. చదువు ముగించుకుని రాజమండ్రి తిరిగివచ్చిన రామారావు తాను బొమ్మలు వేస్తూనే చిత్రకళాశాల పెట్టి నేర్పాడు. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆంధ్రదేశంలో ఆయన పేరు చెప్పుకునే చిత్రకారుల పరంపర మిగిలింది. మన సిరొంచ దగ్గర ప్రాణహిత కలిసే గోదావరే రాజమండ్రికి వెళుతుంది. ఆ ఒడ్డున కుదిరినది ఈ ఒడ్డున కుదరదని ఎందుకనుకోవాలి?

ఇంకా దగ్గరగా కావాలంటే సిద్దిపేట కాపు రాజయ్య ఉన్నారు. 2012లో కన్నుమూసిన ఆయన డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే బోనాలను, వడ్డెర స్త్రీలను, తెలంగాణ పల్లె బతుకును దేశమంతా చూసేలా చిత్రించారు. చుట్టూ ఉన్న మనుషులనే వేశారు. సిద్దిపేటలోనే ఉన్నారు. బడి ఉద్యోగం ఆయన కళను తినేయలేదు, కళ ఆయన ఉద్యోగాన్ని చెడగొట్టలేదు.

ఇప్పుడు మన బడుల్లో జరుగుతున్నది చెబుతాను. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, ఇది అన్నిచోట్లా ఉన్నదే. వారానికి దొరికే ఒకటి రెండు డ్రాయింగ్ పీరియడ్లు దీపావళి సెలవుల తరువాత గణితానికో సైన్సుకో వెళ్లిపోతాయి. అడిగితే పదో తరగతి ఫలితాలు ముఖ్యం కదా అంటారు. ఆరో తరగతి పీరియడ్ కూడా ఎందుకు పోయిందో ఎవరూ చెప్పరు. మిగిలిన ఆ ఒక్క పీరియడ్‌లో నీళ్లు తెచ్చి, కాగితాలు పంచి, రంగులు విప్పేసరికి మూడో వంతు అయిపోతుంది. కుంచెలు కడగడానికి ఇంకొంత. పిల్లల చేతికి చిక్కేది పావుగంట. పావుగంటలో నీటి రంగు మొదటి పూత దాటి ముందుకు వెళ్లలేరు. ఒక తరగతికి వారంలో విడివిడిగా రెండు పీరియడ్లు ఇవ్వడం కన్నా రెండూ వరుసగా ఒకే రోజు ఇవ్వడం ఎన్నో రెట్లు మేలు. దీనికి పైసా ఖర్చు లేదు. టైం టేబుల్ వేసేటప్పుడు ఒక గడి పక్కకు జరిపితే చాలు.

రెండోది, బడిలో ఏ రాత పని ఉన్నా డ్రాయింగ్ సారుకు పిలుపు వస్తుంది. అధికారి వస్తున్నారంటే స్వాగత ఫలకం, ఆగస్టు 15కు బోర్డు, గోడల మీద నినాదాలు, సర్టిఫికెట్ల మీద పేర్లు. అందంగా అక్షరాలు రాయడం నాకు చిన్నతనం కాదు. అక్షరలేఖనం గ్రేడ్ పరీక్షలో భాగమే. దాన్ని పిల్లలతో, వాళ్ల పీరియడ్‌లో చేయించనివ్వండి, సంతోషంగా చేయిస్తాను. తరగతి మధ్యలోంచి నన్ను లేపి, పిల్లలను ఏదో ఒకటి గీసుకోండని వదిలేసి వెళ్లమనడమే నాకు బాధ. తెలుగు పద్యం చెబుతున్న పంతులును మధ్యలో లేపి దస్తూరి బాగుందని చిరునామాలు రాయమని మీరు ఎన్నడూ అడగలేదు.

మూడోది సున్నితమైనది. చిత్ర ప్రదర్శనకు వెళతానని సెలవు అడిగితే ముఖాలు మారతాయి. బొమ్మ ఒకటి అమ్ముడైందని తెలిస్తే, బడి వేళల్లో వేసినదేమోనని చెవులు కొరుక్కుంటారు. పీటీ సారు జిల్లా పోటీల్లో ఆడితే మనం చప్పట్లు కొడతాం, మరాఠీ మేడం కవిత పత్రికలో వస్తే నోటీసు బోర్డు మీద అంటిస్తాం. చిత్రకారుడి విషయంలోనే ఎందుకీ అనుమానం? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో 15వది ప్రైవేటు వ్యాపారాన్ని కట్టడి చేస్తూనే, విధులకు భంగం కలగనంత వరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనులకు ముందస్తు అనుమతి అక్కరలేదంటుంది. ఆ నియమాలు కేంద్ర ఉద్యోగులవే కావచ్చు. కళాసృష్టిని కిరాణా కొట్టుతో ఒకే గాట కట్టకూడదన్న ఆలోచన మనకూ వర్తించాలి.

రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లి ఇంట్లో బొమ్మలు వేసుకునేవాళ్లు లేరా అని మీరు అడగవచ్చు. ఉంటే వాళ్ల మీద చర్య తీసుకోండి. పిల్లల సమయాన్ని దొంగిలించినవాడు చిత్రకారుడైనా ఇంకెవడైనా ఒకటే, నేను వెనకేసుకు రాను. కానీ ఆ దొంగతనానికి మందు చిత్రకారుడి పనిని బడి నుంచి దూరం పెట్టడం కాదు, బడిలోకే తీసుకురావడం. తలుపు తెరిచి ఉన్న గదిలో, పిల్లలు వచ్చిపోతుండగా ఆయన బొమ్మ వేస్తుంటే దాచుకునేది ఏముంటుంది?

చట్టం కూడా మనకు పూర్తిగా అండగా లేదని ఒప్పుకుంటాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య కోసం పార్ట్ టైం బోధకుణ్ణి ఇస్తే చాలంటుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మాత్రం పదో తరగతి దాకా కళావిద్య తప్పనిసరి కావాలంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకు, శాస్త్రాలకు మధ్య గోడలు వద్దంది. ఆ గోడలు కూల్చడానికి మన తాలూకాకన్నా అనువైన చోటు ఏది? వడదంలో శిలాజాల పార్కు ఉంది. కోట గ్రామం దగ్గరి సున్నపురాయిలో చేపల శిలాజాలు 19వ శతాబ్దంలోనే బయటపడి శాస్త్రవేత్తల దృష్టికి వెళ్లాయి. సైన్సు సారు, డ్రాయింగ్ సారు కలిసి పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, రాయిగా మారిన మాను మీది గీతలను గంటసేపు చూసి గీయమంటే, ఆ గంట ఏ పాఠానికి చెందుతుందో తేల్చవలసిన అవసరమే రాదు. ఫోనుతో ఫొటో తీసినవాడు ఆ మానును ఒక్క క్షణం చూస్తాడు. గీసినవాడు దాని ప్రతి పొరనూ చూడక తప్పదు.

పిల్లల వల్ల నా చిత్రాలకు ఏమి దక్కుతోందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది నేను బడికి చేస్తున్న ఉపకారంలా వినబడుతుంది. ఆరో తరగతి పిల్లలు గీత గీసేటప్పుడు వెనక్కి చూడరు. ఎద్దును గీస్తే కొమ్ముల దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒకే ఊపులో వెళతారు. ఆ ధైర్యం పెద్దయ్యాక మనలోంచి ఎలాగో పోతుంది. రోజూ వాళ్ల పక్కన కూర్చోవడం వల్ల నా చేతికి అది కొంత మిగిలింది. బడి వదిలి నగరానికి వెళ్లిపొమ్మని, పూర్తిగా బొమ్మల మీదే బతకమని స్నేహితులు సలహా ఇచ్చినప్పుడు నేను వెళ్లకపోవడానికి జీతం ఒక కారణమే. ఈ పిల్లలు అంతకన్నా పెద్ద కారణం.

కాబట్టి నేను అడిగేది ఇది. డ్రాయింగ్ పీరియడ్లను ఏడాది పొడవునా డ్రాయింగ్‌కే ఉంచండి, రెండేసి కలిపి ఇవ్వండి. వాడకంలో లేని గది ఏదైనా ఉంటే, ఉత్తరం వైపు కిటికీ ఉన్నదైతే మరీ మంచిది, దాన్ని చిత్రకళకు కేటాయించండి. బడి అయ్యాక ఉపాధ్యాయుడు అక్కడే తన బొమ్మ వేసుకోవచ్చని, ఇష్టమున్న పిల్లలు ఉండవచ్చని లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఏడాదికి ఒకసారి పిల్లల బొమ్మలను, సారు బొమ్మలను ఒకే వరండాలో పక్కపక్కన పెట్టి ఊరిని పిలవండి. మిరప ఏరివేతకు వెళ్లే కుటుంబాలు ఊళ్లో ఉండే రోజుల్లో పెట్టండి, వాళ్లు చూడవలసినవి అందులో ఉంటాయి.

విదర్భలో బడులు జూన్ చివర తెరుస్తారు. టైం టేబుళ్లు ఆ వారంలోనే తయారవుతాయి. అంతకు ముందు ఈ ఉత్తరం మీ బల్ల మీదికి చేరాలని ఇప్పుడు రాస్తున్నాను. దీనిలో మీకు నమ్మకం కుదరకపోతే ఒక శనివారం నన్ను మీ బడికి పిలవండి. ఈజిల్, రంగులు, ఇత్తడి చెంబు నేనే తెచ్చుకుంటాను, బస్సు ఛార్జీలు కూడా నావే. మీరు తొమ్మిదో తరగతిని, రెండు బకెట్ల నీళ్లను, వరుసగా రెండు పీరియడ్లను ఇవ్వండి. మీరు కూడా వెనక బెంచీలో కూర్చుని చూడండి.

ఇట్లు,
సిరొంచ తాలూకాలో పనిచేస్తున్న ఒక చిత్రకళా ఉపాధ్యాయుడు